వణకని దృశ్యం: డ్రోన్ చిత్రీకరణలో నిలకడ ఎక్కడ పుడుతుంది?

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని భానూర్ పేరు వినగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది భారత్ డైనమిక్స్ లిమిటెడ్. 1970లో హైదరాబాద్‌లో స్థాపితమైన ఈ ప్రభుత్వరంగ సంస్థ, యుద్ధ ట్యాంకులను ఛేదించే క్షిపణులను భానూర్ కర్మాగారంలో తయారుచేస్తున్నది. కాంకర్స్ వంటి ఈ కోవకు చెందిన క్షిపణి తన అక్షం చుట్టూ తాను తిరుగుతూ దూసుకుపోతుంది కాబట్టి, ఏ క్షణాన తనకు పైవైపు ఏదో, పక్కవైపు ఏదో దానికి తెలిసి తీరాలి. తెలియకపోతే సన్నని తీగ వెంట అందిన ‘పైకి’ అనే ఆదేశాన్ని అది పక్కకు అమలుచేస్తుంది. ఆ ఎరుకను ఇచ్చే సాధనం జైరోస్కోప్. 1852లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో ఈ పేరు పెట్టిన పరికరంలో వేగంగా తిరిగే చక్రం ఒకటి ఉంటుంది; జోరుగా తిరుగుతున్న బొంగరం తన నిలువును వదలనట్లే ఆ చక్రం కూడా తన అక్షం దిశను వదలదు. పెళ్లి ఊరేగింపును, బోనాల జాతరను పైనుంచి చిత్రీకరించే చిన్న డ్రోన్‌లోనూ ఇదే పని చేసే సాధనం ఉన్నది. తిరిగే చక్రానికి బదులు సిలికాన్ చిప్పులో నిరంతరం కంపించే అతిసూక్ష్మమైన కట్టడం, డ్రోన్ ఎంత వేగంగా ఏ వైపు తిరుగుతున్నదో కొలుస్తుంది.

అయితే డ్రోన్ ఒకచోట నిలవడం వేరు, అది తీసే దృశ్యం నిలవడం వేరు. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్ గాలికి కొట్టుకుపోకుండా ఆగాలంటే గాలి వచ్చే వైపుకు తన ఒళ్లు వంచి తోసుకోవాలి. గాలి తగ్గితే ఆ వంపు తగ్గించుకోవాలి, పెరిగితే పెంచుకోవాలి. ఈ సర్దుబాటును ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్, జైరోస్కోప్ కొలతలకు ఉపగ్రహ సంకేతాలను, గాలి పీడనాన్ని బట్టి ఎత్తును చెప్పే బారోమీటర్‌ను జోడించి సెకనుకు వందలసార్లు చేస్తుంది. అంటే కింద నుంచి చూసేవారికి కదలకుండా నిలబడినట్లు కనిపించే డ్రోన్ నిజానికి క్షణక్షణమూ ఒరుగుతూనే ఉంటుంది, ఆ ఒరుగుళ్ల వల్లనే అది నిలబడగలుగుతున్నది. కెమెరాను నేరుగా దాని ఒంటికి బిగిస్తే ఆ ఒరుగుళ్లన్నీ దృశ్యంలోకి దిగుతాయి.

గింబల్ అవసరం ఇక్కడే వస్తుంది. ఇది కెమెరాను డ్రోన్ ఒంటి నుంచి విడదీసి పట్టుకునే, మోటార్లతో నడిచే ఊయల వంటి అమరిక. ముందుకూ వెనకకూ వంగడాన్ని పిచ్ అనీ, పక్కలకు ఒరగడాన్ని రోల్ అనీ, ఎడమకూ కుడికీ తిరగడాన్ని యా అనీ అంటారు. డ్రోన్ కుడికి ఒరిగిన మరుక్షణం గింబల్‌లోని మోటారు కెమెరాను అంతే కోణంలో ఎడమకు తిప్పి దిగంత రేఖను సమంగా ఉంచుతుంది. 2014లో వచ్చిన డీజేఐ ఫాంటమ్ 2 విజన్ ప్లస్ వంటి నమూనాలలో మూడు దిశలనూ సరిచేసే గింబల్ డ్రోన్‌లోనే అమరి రావడంతో అభిరుచిగా డ్రోన్ ఎగరవేసేవారికి సినిమా తరహా నిలకడ అందుబాటులోకి వచ్చింది. చౌక రకాలలో పిచ్, రోల్ మాత్రమే సరిచేసే గింబల్ ఉంటుంది, మరికొన్నింటిలో అదీ ఉండక, చిత్రం అంచులను కత్తిరించి కదలికను దాచే సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటుంది. పెట్టె మీద ‘స్టెబిలైజేషన్’ అన్న మాట చూసి కొనేవారు ఇది ఏ రకమో అడిగి తెలుసుకోవడం అవసరం.

గింబల్ ఉన్నా వదలని చిక్కు ఒకటి ఉన్నది: ప్రొపెల్లర్ల నుంచి పుట్టే సూక్ష్మ కంపనం. ప్రొపెల్లర్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే సెకనుకు 150 చుట్లు. దాని ఒక రెక్క రెండోదానికంటే ఏ కొంచెం బరువుగా ఉన్నా డ్రోన్ ఒళ్లు సెకనుకు 150 సార్లు అదురుతుంది. గింబల్ మోటార్లు నెమ్మదైన ఒరుగుళ్లను సరిచేయగలవే గాని ఇంత వేగమైన అదురును అందుకోలేవు. పైగా ఈ కెమెరాలలోని సెన్సర్ చిత్రాన్ని ఒక్కసారిగా కాక పై వరుస నుంచి కింది వరుస దాకా వరుసగా చదువుతుంది. ఆ పద్ధతిని రోలింగ్ షట్టర్ అంటారు. ఒక ఫ్రేమ్‌ను చదవడానికి సెకనులో 50వ వంతు కాలం పడితే, ఆలోగా కెమెరా మూడుసార్లు అటూ ఇటూ ఊగి ఉంటుంది. ఫలితంగా చిత్రంలో పై వరుసలు ఒకవైపు, నడిమి వరుసలు మరోవైపు జరిగి, నిటారుగా ఉండవలసిన కరెంటు స్తంభం, కర్మాగారపు పొగగొట్టం పాములా మెలికలు తిరుగుతాయి. ఈ దోషాన్ని జెల్లో అంటారు. ఒకసారి చిత్రంలోకి దిగిన జెల్లోను తరువాత పూర్తిగా తొలగించడం దాదాపు అసాధ్యం.

కాబట్టి దీనిని మూలంలోనే ఆపాలి. ప్రొపెల్లర్ రెక్క అంచు మీద గోరును మెల్లగా నడిపితే కంటికి ఆనని గాటు కూడా తగులుతుంది. అటువంటిదాన్ని అతికించి వాడటం కంటే పారేయడమే మేలు. ప్రొపెల్లర్‌ను సన్నని కడ్డీకి గుచ్చి రెండు ఆధారాల మీద స్వేచ్ఛగా తిరగనిస్తే బరువైన రెక్క కిందికి దిగుతుంది, అప్పుడు తేలిక రెక్కకు చిన్న టేపు ముక్క అంటించి రెండింటినీ సమతూకానికి తేవచ్చు. గింబల్‌ను వేలాడదీసే రబ్బరు గుళికలు చేసే పని కూడా ఇదే: మోటార్ల అదురును తమలో ఇముడ్చుకుని కెమెరా దాకా పోనివ్వవు. ఎండకు బిరుసెక్కిన రబ్బరు ఆ పని చేయలేదు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల నేల మరికొన్ని చిక్కులు తెచ్చిపెడుతుంది. డ్రోన్ తన ముఖం ఏ దిక్కున ఉన్నదో అయస్కాంత దిక్సూచి ద్వారా తెలుసుకుంటుంది. ఇనుప రేకుల షెడ్డు పక్కన, కడ్డీలు నిండిన స్లాబు మీద, లారీ పక్కన నిలిపి ఎగరవేస్తే దిక్సూచి తప్పు చూపవచ్చు. అప్పుడు నిలబడవలసిన డ్రోన్ ఒకే బిందువు చుట్టూ వలయాలు తిరుగుతుంది. దృశ్యం తేలుతున్నట్లు ఉండటానికి కారణం కెమెరా అనుకుని గింబల్‌ను విప్పేవారు కొందరు ఉంటారు, కాని తప్పు బయలుదేరిన చోటులోనే ఉన్నది. మధ్యాహ్నం రేకుల కప్పులు, తారు రోడ్లు కాగి వేడిగాలి పైకి ఎగదన్నుతుంది కనుక ఆ సమయంలో చిన్న డ్రోన్ ఎగుడుదిగుడుగా కదులుతుంది. సూర్యోదయం తరువాతి తొలి గంట గాలికీ వెలుగుకూ కూడా అనువైనది.

వెలుగు సంగతి నిలకడకు సంబంధం లేనిదిగా తోచవచ్చు గాని, కదిలే దృశ్యం కంటికి సాఫీగా కనిపించడంలో దానిది పెద్ద పాత్ర. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున చిత్రించేటప్పుడు ఒక్కో ఫ్రేముకు సెకనులో 50వ వంతు సేపు వెలుగు అందితే, కదిలే వస్తువు అంచుకు సహజమైన మసక ఏర్పడి ఒక ఫ్రేము మరొక ఫ్రేములో కలిసిపోతుంది. మండుటెండలో ఎఫ్ 2.8 కటకం, ఐఎస్ఓ 100 ఉన్న కెమెరా దాదాపు 3,200వ వంతు షట్టర్ వేగాన్ని ఎంచుకుంటుంది. అప్పుడు ప్రతి ఫ్రేమూ కత్తిరించినట్లు విడిగా నిలిచి దృశ్యం కుదుపులుగా సాగుతుంది. కటకానికి చలువ కళ్లద్దం వంటిదైన ఎన్‌డీ ఫిల్టర్ ఈ తేడాను పూడుస్తుంది. ఎన్‌డీ 64 అంటే వెలుగును 64వ వంతుకు తగ్గించేది కనుక 3,200 కాస్తా 50కి దిగుతుంది. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది, దానితో వెలిగే కొన్ని రకాల దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. 50వ వంతు షట్టర్‌లో ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మినుకులు పడటం వల్ల రాత్రి చిత్రీకరణలో చారలు రాకపోవడం మరో లాభం.

ఇక మిగిలింది చేతి నేర్పు. రిమోట్‌లోని కర్రలను ఒక్కసారిగా తోసి ఒక్కసారిగా వదలడం కొత్తవారి అలవాటు. అలా వదిలినప్పుడు డ్రోన్ వేగానికి కళ్లెం వేసేందుకు వెనక్కి గట్టిగా ఒరుగుతుంది, ఆ ఒరుగు గింబల్ హద్దును దాటితే దృశ్యం ఎగిరిపడుతుంది. కర్ర మధ్యస్థానం దగ్గర స్పందనను మెత్తబరిచే ఎక్స్‌పో అనే అమరికను, నెమ్మదిగా ఎగిరే సినీ మోడ్‌ను వాడటం మంచిది. ఫ్రేము ఒక అంచున ప్రవేశించిన వస్తువు రెండో అంచుకు చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టాలన్నది ఛాయాగ్రాహకులు పాటించే లెక్క. ఒక షాట్‌లో ఒకే కదలిక ఉండటం, ఆ కదలిక రికార్డింగ్‌కు ముందే మొదలై తరువాత కూడా కొంతసేపు సాగడం ఎడిటింగ్‌ను సులువు చేస్తాయి.

భానూర్ పరిసరాలలో వీటన్నిటికంటే ముందు చూడవలసింది పటం. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించి, ఎరుపులో కేంద్రప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరరాదన్నాయి. క్షిపణి కర్మాగారం భానూర్‌లోనే ఉన్నది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నది. దుండిగల్ వైమానిక దళ అకాడమీ కూడా ఏమంత దూరం కాదు. ఈ మండలాలను చూపే డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉన్నదో చూడకుండా మేడ మీద నుంచి డ్రోన్‌ను లేపడం నేరానికి దారితీయవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి అంతర్జాతీయ పరిశోధనా సంస్థ కూడా తన పరిశోధన పనికి డ్రోన్ వాడేందుకు 2020లో కేంద్రం నుంచి షరతులతో కూడిన అనుమతి తీసుకున్నది. కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో మానవరహిత వాహనాలను పరీక్షించే టిహాన్ కేంద్రానికి ప్రత్యేక క్షేత్రమే ఉన్నది. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల, అంటే దాదాపు 120 మీటర్ల ఎత్తు దాకా ఎగరవచ్చు. 250 గ్రాములు మించని నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు.

చివరగా సాఫ్ట్‌వేర్. జైరోఫ్లో వంటి ఉచిత సాధనాలు కెమెరా నమోదుచేసిన జైరోస్కోప్ కొలతలను తీసుకుని, ప్రతి ఫ్రేమునూ ఎదురుదిశలో తిప్పి వణుకును తగ్గిస్తాయి. గింబల్ లేనివారికి ఇది గొప్ప వరం. కాని ఈ పద్ధతిని నమ్ముకునేవారు ఎన్‌డీ ఫిల్టర్‌ను పక్కన పెట్టి షట్టర్ వేగాన్ని పెంచుకోవాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఫ్రేమును సరిచేయగలదే గాని అదురు వల్ల ఫ్రేము లోపల పడిన మసకను చెరపలేదు. దిద్దిన దృశ్యం అంచులు కూడా కొంత కోతకు గురవుతాయి. కొత్త కెమెరా కోసం డబ్బు కూడబెడుతున్నవారు దానికంటే ముందు ఒక సెట్టు కొత్త ప్రొపెల్లర్లు, ఒక ఎన్‌డీ ఫిల్టర్ కొని, అనుమతి ఉన్న ఖాళీ మైదానంలో కొన్ని ఉదయాలు సాధన చేయాలి. పాత కెమెరా ఎంత చక్కని దృశ్యం ఇవ్వగలదో అప్పుడే తెలుస్తుంది.