వీధి దీపం నుంచి వంటింటి పొయ్యి దాకా
(బొంబాయి గ్యాసు కథ)

బొంబాయిలో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్ళలో ఇప్పుడు చాలాచోట్ల వంటింటి గోడ వెంట ఒక సన్నని ఇనుప గొట్టం కనిపిస్తుంది. మీట తిప్పి లైటరు నొక్కితే నీలిమంట లేస్తుంది. పండుగ పూట సిలిండరు అయిపోతుందేమోనన్న బెంగ ఇల్లాలికి తప్పింది. ఆ గొట్టం వెనుక నూట అరవై యేండ్ల కథ ఉన్నది. అందులో మన ఇంటి క్షేమం కూడా ఇమిడి ఉన్నది గనుక పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఈ నగరానికి గ్యాసు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినది బొగ్గు గ్యాసు. 1865 అక్టోబరులో ఎస్ప్లనేడు, చర్చిగేటు వీధి, భేండీబజారులో కొంత భాగం గ్యాసు దీపాలతో వెలిగాయి. దీపాలు వెలిగించే మనిషి స్తంభం నుంచి స్తంభానికి పోతూంటే జనం నోళ్ళు తెరచుకొని వెంట నడిచారట! బాంబే గ్యాస్ కంపెనీ లాల్‌బాగ్‌లోని తన కర్మాగారంలో బొగ్గును గాలి చొరకుండా కాల్చి ఆ గ్యాసు తీసేది.

తెలంగాణా నుంచి వచ్చిన మన పద్మశాలి సోదరులు మగ్గం విడిచి మిల్లు పనిలో కుదిరినది ఆ చుట్టుపట్ల పేటలలోనే. కాని వారి వంటిళ్ళలో ఉన్నది బొగ్గుల కుంపటి. తరువాత కిరసనాయిలు స్టవ్వు. గ్యాసు తయారయ్యే పేటలో కాపురముంటూ, పొగకు కళ్ళు తుడుచుకుంటూ వండిన తల్లులు మనవారు. మొదటి గ్యాసు పెద్ద వీధులకు వెలుగిచ్చింది గాని చాలులోని ఒంటిగది కాపురాలకు మంట ఇవ్వలేదు.

రెండవసారి గ్యాసు సముద్రం నుంచి వచ్చింది. 1974 ఫిబ్రవరిలో 'సాగర్ సమ్రాట్' అనే తవ్వకపు ఓడ, తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన బాంబే హైలో చమురు కనుగొన్నది. చమురుతోపాటు వెలువడిన గ్యాసును సముద్రగర్భపు గొట్టాల ద్వారా ఉరణ్‌కు చేర్చారు. మొదట దానిని వాడుకొన్నవి ఎరువుల కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు.

దానిని ఇంటింటికి పంచే పని కోసం 1995 మే 8న మహానగర్ గ్యాస్ లిమిటెడ్ ఏర్పడింది. నగరం పేరు అధికారికంగా ముంబయి అయినది కూడా ఆ సంవత్సరమే. కేంద్రప్రభుత్వ సంస్థ గెయిల్, ఇంగ్లండు నుంచి వచ్చిన బ్రిటిష్ గ్యాస్ దీనికి ముఖ్య భాగస్వాములు. మహారాష్ట్ర ప్రభుత్వానికీ వాటా ఉన్నది. 2016లో కంపెనీ షేర్లు బజారుకు వచ్చాయి. అదే యేడు బ్రిటిష్ గ్యాస్ వారి సంస్థ షెల్‌లో కలిసిపోయింది. 2019లో షెల్ తన వాటా అమ్ముకొని తప్పుకొన్నది.

ఇక్కడ ఒక చిక్కు గమనించదగ్గది. వీధి తవ్వి, గోడ ఎక్కించి, వంటింటి దాకా గొట్టం వేయడానికి ఖర్చు చాలా ఎక్కువ. ఒక కుటుంబం వాడే గ్యాసు మాత్రం స్వల్పం. మరి కంపెనీ నిలదొక్కుకొన్నది ఎట్లా? టాక్సీలు, ఆటోలు, బస్సుల వల్ల. నగరంలో పొగ దుర్భరమై కొందరు పౌరులు హైకోర్టుకెక్కగా, పాత టాక్సీలు గ్యాసుకు మారవలసి వచ్చింది. నేటికీ కంపెనీ అమ్మే గ్యాసులో సింహభాగం వాహనాలకే పోతుంది. టాక్సీ నడిపే అన్న కొన్న గ్యాసు, వదిన వంటింటికి గొట్టం తెచ్చిందన్నమాట!

2024లో ఈ సంస్థ యూనిసన్ ఎన్విరో అనే కంపెనీని కొన్నది. దానితో రత్నగిరి, లాతూరు, ఉస్మానాబాదులతోపాటు కర్ణాటకలోని చిత్రదుర్గ, దావణగెరె కూడా దీని పరిధిలోకి వచ్చాయి. ఆ ప్రాంతపు మన పాఠకుల ఇళ్ళకు కూడా రేపో మాపో గొట్టం రావచ్చు. కాబట్టి నాలుగు మాటలు మనవి చేస్తాము.

సిలిండరు గ్యాసు గాలికన్న బరువు. కారితే నేలబారున పేరుకుంటుంది. గొట్టపు గ్యాసు గాలికన్న తేలిక, పైకి లేస్తుంది. అందుచేత వంటింట్లో పైనున్న గవాక్షం మూయరాదు. ఈ గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియాలని దుర్వాసన గల మందు కలుపుతారు. ఆ వాసన తగిలితే పొయ్యి మీట, ప్రధాన మీట కట్టి, కిటికీలు తెరచి, విద్యుత్ స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచి కంపెనీకి ఫోను చేయాలి. సిలిండరు పొయ్యిని గొట్టానికి స్వంతంగా తగిలించరాదు. లోపలి నాజిల్ మార్చాలి, అది తెలిసిన పనివాడే చేయాలి.

అన్నింటికన్న ముఖ్యం ఒకటి. సిలిండరు ఎవరిది వారిది, గొట్టం అందరిదీ. ఒకే గొట్టం మేడ పొడుగునా పాకి ప్రతి అంతస్తుకు కొమ్మ వేస్తుంది. బాల్కనీ పెంచుకొనే ఆత్రంలో ఒకరు దానిని గోడలో మూసివేస్తే, అక్కడ కారిన గ్యాసు అందరి ప్రాణాలకూ ముప్పు. ఇరుగుపొరుగు ఒక్కమాట మీద నిలిస్తేనే గొట్టం వస్తుంది. ఒక్కమాట మీద ఉంటేనే అది క్షేమంగా ఉంటుంది. పరాయిచోట కలిసి బ్రతకడం మన పెద్దలు నేర్పిన విద్యే గదా! దానిని వంటింటి గోడ దగ్గర కూడా మరువకుందాము.