మట్టిలోని జీవములకు పట్టా యేది?

మన పొలములకు సర్వే నంబరులు కలవు, పట్టాలు కలవు, నాలుగు దిక్కుల హద్దులు కలవు. ఆ పొలములోని చిటికెడు మట్టియందు కోట్ల సంఖ్యలో నివసించు సూక్ష్మజీవములకు మాత్రము పట్టా లేదు. శాస్త్ర గ్రంథములకెక్కినవి వానిలో బహు స్వల్పము. పేరు లేనిదానిని మరల గుర్తించుట యెట్లు? దాని గుణమును నమ్మి సేద్యము చేయుట యెట్లు?

ఈ పట్టా పుట్టు విధమును మన తెలుగు శాస్త్రజ్ఞులు సముద్రతీరమున చూపియున్నారు. చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకటరమణ మొదలగువారు హైదరాబాదులోని విశ్వవిద్యాలయములందు పనిచేయుచు, 2007లో రెండు క్రొత్త బాక్టీరియా జాతులకు భీమిలి, కాకినాడల పేరుల నిచ్చిరి. 2008లో ఒడిశాలోని భితరకనిక మడ అడవినుండి తెచ్చిన జీవము ఏ ప్రజాతిలోను ఇముడకపోగా, ‘తయోఫియోకాకస్ మాంగ్రోవి’ యను క్రొత్త ప్రజాతినే నెలకొల్పిరి. గాలి చొరని ఉప్పు బురదలో, క్రుళ్లిన గ్రుడ్ల వాసనగల గంధకపు వాయువును, సూర్యరశ్మిని ఆధారముగ గొని బ్రతుకు తెగకు అది చెందినది.

ఇట్టి నిర్ణయము ఊహతో జరుగునది కాదు. మట్టిని నీట కలిపి పలుమార్లు పలుచన చేసి, ఆహారపు పళ్లెములపై పెంచి, ఒక్క జీవపు సంతతిని వేరుపరుపవలెను. దాని ఆకారమేమి, ఆహారమేమి, ఎంత ఉప్పునకు, ఎంత వేడికి ఓర్చునో పరీక్షింపవలెను. పిదప దాని రైబోసోము జన్యువును తెలిసిన జాతులతో పోల్చవలెను. పోలిక నూటికి 98.7 పాళ్లకు లోబడినచో క్రొత్త జాతి యని తలంపవచ్చును. మించినచో సంపూర్ణ జన్యుపదార్థమును పోల్చినగాని తీర్పు చెప్పరాదు. తుదకు ఆ జీవమును రెండు దేశములలోని భాండాగారములందు సజీవముగ దాచి, పేరును ప్రకటింపవలెను. చండీగఢులో మనకట్టి భాండాగారము కలదు.

సముద్రమునకు దూరమై, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడపు అనంతపుర పీఠభూమికి ఈ బురద గొడవ యేల యని కొంద రడుగవచ్చును. మన వేరుసెనగ మొక్కను పెరికి చూడుడు. వేళ్లపై నున్న బుడిపెలలో గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకందించు బాక్టీరియా కాపురముండును. బుడిపెలలోని ఇట్టి జీవమును 1888లో హాలెండు పండితుడు బయ్యెరింకు వేరుపరచెను. వేరుసెనగ పేరనే ‘బ్రాడీరైజోబియం అరాకిడిస్’ అను జాతి 2013లో ప్రకటితమైనది. కాని అది చైనా పొలములలోని బుడిపెలనుండి తీసినది. అందుకు వారిని నిందింప బనిలేదు, వెదకినవారికి దొరకినది. మన విత్తనములకు కదిరి పేరు దేశమంతట వ్యాపించినది; ఆ విత్తనమును పోషించు జీవముల వంశవృక్షమును మనమే వ్రాసికొనవలదా?

ఇది కీర్తికొరకు మాత్రమే కాదు. విత్తనమునకు పట్టించు కల్చరు ఎంత మంచిదైనను, ఎఱ్ఱనేల యెండకు, బెట్టకు తాళక చచ్చినచో రైతు సొమ్ము మట్టిపాలే. ఆ నేలలో తరతరములుగ కరవునకోర్చిన జీవము ఏదో తెలిసినచో, దానినే పెంచి పరీక్షించుటకు వీలగును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము సూక్ష్మజీవములను గూడ జీవసంపదగ నెంచినది. స్థానిక సంఘములు ప్రజల పట్టికలు వ్రాయవలెనన్నది. కదిరి పరిశోధనాక్షేత్రము, అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము మనకు చేరువనే యున్నవి. భూస్వాములు తమ పొలముల మట్టిని, బుడిపెలను పరిశోధకుల కందించి, ఊరు, లోతు, ఋతువు, పైరు వివరములను వ్రాసియిచ్చినచో పని ప్రారంభమగును. పైరు పండించు నేలకు హద్దులు తెలిసిన మనము, ఆ నేలను పండించు జీవముల పేరులను తెలియకుండుట తగదు.