పూల తట్టలో చెయ్యి పెట్టి చూడండి

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండలో పూల ధర అడిగి, పక్క తట్ట దగ్గర బేరమాడి తిరిగొచ్చేసరికి మొదటి తట్టలో ధర మారిపోయి ఉంటుంది. ఆ తొందరలో ఏది చేతికొస్తే అది కొనేస్తాం. పూల గురించి మనం నమ్మే తప్పుడు మాటలకు అసలు ఖర్చు ఆ రోజే తెలుస్తుంది.

అపోహ: పండుగ పూలన్నీ పండుగ పొద్దునే కొనాలి.

తంగేడుకైతే ఇది నిజమే. రాష్ట్ర పుష్పమని పేరు గానీ దాన్ని పంటగా వేసేవాళ్లు అరుదు. గుట్టల పక్కన, ఊరి పొలిమేరల్లో దానంతటదే పెరుగుతుంది. పొద్దున కోసిన కొమ్మ సాయంత్రానికి వాడి రేకులు రాల్చేస్తుంది. గుమ్మడి పువ్వుకు అంత ఆయుష్షు కూడా లేదు, తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఈ రెండూ ఆ పొద్దున కొనాల్సినవే. గునుగు సంగతి వేరు. మెట్టచేలల్లో కలుపుగా మొలిచే ఈ పువ్వు కాగితంలా పొడిపొడిగా ఉంటుంది కాబట్టి రెండు రోజుల ముందే తెచ్చుకుని తీరిగ్గా రంగులద్దుకోవచ్చు. బంతి, చామంతి ముందు రోజు కొని, నీడలో తడిగుడ్డ మీద పల్చగా పరిస్తే చెక్కుచెదరవు. పద్మాక్షి గుట్ట దగ్గరికి బతుకమ్మతో బయల్దేరే ఇల్లాలు ఇట్లా రోజులు విడగొట్టి కొంటే, ధర మండే పూట ఆమెకు కావాల్సినవి రెండు రకాలే.

అపోహ: నీళ్లు చల్లి నిగనిగలాడుతున్నవి తాజా పూలు.

నీళ్లు పువ్వు వయసును దాచిపెడతాయి. కిలో లెక్కన అమ్మే బంతి, చామంతికి నీటి బరువు కూడా కలుస్తుంది. పైవరుస చూసి మోసపోకుండా తట్ట అడుగుదాకా చెయ్యి పోనివ్వండి. లోపల వెచ్చగా తగిలితే అవి చాలాసేపు మూటలో కుక్కి ఉన్నవని అర్థం. కోసిన తర్వాత కూడా పువ్వు శ్వాసిస్తూనే ఉంటుంది. గాలాడకపోతే ఆ వేడి లోపలే పేరుకుని పూలు మగ్గుతాయి. ఒక బంతి పువ్వు తీసి తిప్పి చూడండి. అడుగున తొడిమ దగ్గర ఆకుపచ్చగా, గట్టిగా ఉండాలి. మెల్లగా విదిలిస్తే రేకులు రాలకూడదు. గులాబీ అయితే మొగ్గ కింది భాగాన్ని వేళ్లతో నొక్కి చూడాలి, మెత్తబడితే వదిలేయండి. పై రేకు ఒకటి కాస్త కమిలిందని మాత్రం వద్దనకండి. లోపలి రేకులకు దెబ్బ తగలకుండా దాన్ని కావాలనే ఉంచుతారు.

అపోహ: ఘుమఘుమలాడితేనే తాజా.

మల్లె మొగ్గ సాయంత్రం విచ్చుకుంటూ వాసన వదులుతుంది. పొద్దున పదింటికే దండ గుప్పుమంటోందంటే అది నిన్న రాత్రి విచ్చిన మల్లె కావచ్చు, లేదా ఎవరో సెంటు చల్లి ఉండొచ్చు. పొద్దున కొనేవాళ్లు వాసన లేని, బిగిసిన తెల్ల మొగ్గలనే ఎంచుకోవాలి. కాడ ఎర్రబారితే పాతవి. ఇక షాపుల్లో ఒక్కొక్క కాడగా అమ్మే పాలీహౌస్ గులాబీలకు వాసన దాదాపు ఉండదు. దూరప్రయాణం తట్టుకుని ఎక్కువ రోజులు నిలవాలని పెంచిన రకాలవి.

అపోహ: మూర అంటే మూరే, ఎక్కడైనా ఒకటే.

మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. చెయ్యి ఎవరిదైతే కొలత వారిది, అందులో పేచీ పెట్టి లాభం లేదు. చూడాల్సింది ఒత్తు. దండను ఎత్తి పట్టుకుంటే మొగ్గల మధ్య దారం కనిపిస్తోందా? కనిపిస్తే రెండు మూరలు కలిసి ఒక మూరకు సమానం. తడిపిన అరటినారతో కట్టిన దండ దారంతో కట్టినదాని కంటే చల్లగా ఉంటుంది. కిలో లెక్కన కొనేవాళ్లు కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూడొచ్చు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా వేయించాల్సిందే.

అపోహ: నీలం గులాబీ, నీలం చామంతి ఖరీదైన కొత్త రకాలు.

మన షాపుల్లో కనిపించేవి తెల్లపూలకు రంగు పట్టించినవి. కాడను రంగునీళ్లలో పెడితే అదే పీల్చుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు జన్యుమార్పిడితో నీలం చామంతిని సాధించింది 2017లో. దాని దాకా మన బజారు పోలేదు. గునుగుకు రంగులద్దే వాళ్లం కాబట్టి రంగు తప్పని నేననను, దానికి అదనపు ధర అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు.

అపోహ: వెబ్‌సైట్ పేరులో వరంగల్ ఉంటే షాపు వరంగల్‌లోనే ఉన్నట్టు.

అమెరికాలో ఉన్న పిల్లలు హన్మకొండలోని అమ్మానాన్నలకు పెళ్లిరోజు బొకే పంపేటప్పుడు పడే చిక్కు ఇది. అలాంటి సైట్లు కొన్ని ఆర్డరు తీసుకుని, కమీషన్ పట్టుకుని, మిగిలిన డబ్బుకు ఏదో ఒక స్థానిక షాపుకు పని అప్పజెబుతాయి. బొమ్మలో ఇరవై గులాబీలు, ఇంటికొచ్చేవి పన్నెండు, మిగతా ఖాళీ అంతా ఆకు, జాలీ కాగితం. ఆర్డరిచ్చే ముందు ఫోన్ చేసి షాపు ఏ వీధిలో, దేనికి ఎదురుగా ఉందో అడగండి. వరంగల్ షాపువాడికి ఆ జవాబు నాలుక మీదే ఉంటుంది. అడిగిన పువ్వు దొరక్కపోతే ఏం పెడతారో, పంపే ముందు ఫొటో తీసి పెడతారో లేదో కూడా అడగండి. ఈ రెంటికీ నసిగితే వదిలేయడమే. ఊళ్లో చుట్టాలెవరైనా ఉంటే వాళ్ల ద్వారా తెలిసిన షాపుకే డబ్బు పంపడం నా దృష్టిలో అన్నిటికంటే మేలు.

అపోహ: నమ్మకమైన పూలమ్మి అంటే తక్కువకు ఇచ్చే మనిషి.

గుడి దగ్గర బుట్ట పెట్టుకున్న అమ్మ, "ఇవి నిన్నటియి బిడ్డా, దేవునికి వద్దు, తలల పెట్టుకుంటె తీస్కపో" అన్నదంటే ఐదు రూపాయలు ఎక్కువైనా ఆమె దగ్గరే కొనండి. శ్రావణ శుక్రవారాల్లో, పెళ్లి ముహూర్తాల్లో ధర అందరి దగ్గరా పెరుగుతుంది. ఆషాఢంలో కూడా దించని షాపు గురించి ఆలోచించాలి.

అపోహ: నీళ్లలో చక్కెర వేస్తే పూలు నిలుస్తాయి.

ఒట్టి చక్కెర పువ్వు కంటే ముందు బ్యాక్టీరియాకు మేత. కాడల కొసలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తుంచి, రోజూ నీళ్లు మార్చండి. మాగిన అరటిపండ్ల పక్కన పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్, ఆర్కిడ్ లాంటివి త్వరగా వాడిపోతాయి. ఇంకొక్క మాట: బొకేలోని గులాబీ రేకులను కేకు మీదో పాయసంలోనో చల్లకండి. అమ్మకానికి పెంచిన పూలకు మందులు కొట్టేది అవి తినేవి కావన్న లెక్కతోనే.