వెన్నెముక క్షయ: ఆలస్యమే అపాయము

క్షయ యనగానే మనకు దగ్గును, కఫమును స్ఫురించును. ఆ వ్యాధి వెన్నెముకను గూడ నాశ్రయించునని యెరిగినవారు స్వల్పము. అనంతపురము మెట్టపొలములలో దినమెల్ల వంగి వేరుసెనగ పెరికెడు కూలివానికి నడుము నొప్పి సహజమే యని యెల్లరును తలంతురు. నూనె మర్దనముతోను, నొప్పిమాత్రలతోను నెలలు గడచిపోవును. ఈ కాలహరణమే మనుష్యుని మంచమున బడవైచునని మేము హెచ్చరింపదలచితిమి.

క్షయక్రిమి రక్తముద్వారా వెన్నుపూసలను జేరి వానిని తొలిచివేయును. పూసలు క్రుంగి గూని యేర్పడును. చీము వెన్నుపామును నొక్కినచో కాళ్లు చచ్చుబడును. క్రిందికి జారినచో గజ్జయందు వేడిలేని గడ్డగా గనబడును. ఈ గూనికిని, కాళ్లు పడిపోవుటకును గల సంబంధమును 1779లోనే పెర్సివాల్ పాట్ అను ఆంగ్లేయ శస్త్రవైద్యుడు వర్ణించెను.

ఆరు వారములు దాటినను తగ్గక రాత్రులందు హెచ్చెడు నొప్పి, సాయంకాలపు జ్వరము, కృశించుట - ఇవి తొలి గురుతులు. నడకలో తొట్రుపాటు గాని, మలమూత్రములపై వశము తప్పుట గాని కనబడిన నానాడే వైద్యశాలకు జేర్పవలెను. ఎముక చాల క్షీణించినగాని ఎక్స్‌రేలో తెలియదు; ఎం.ఆర్.ఐ. ముందుగనే చూపును. సూదితో నమూనా దీసి, క్రిమి యున్నదా, మందులకు లొంగునా యని పరీక్షించుట యుత్తమము.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915 నాటికే క్షయ వైద్యశాల వెలసియుండెను. ఆ కాలమున మందు లేదు, విశ్రాంతియే చికిత్స. వెన్నెముక రోగులను నెలల తరబడి ప్లాస్టరు కవచములో నుంచెడివారు. మందులు వచ్చిన పిదప కొరియాలో జరిగిన పరిశోధనలు ఆ పడకయు, కవచమును అనవసరమని తేల్చినవి. నేడు పెక్కుమంది నడచుచునే స్వస్థులగుచున్నారు. పక్షవాతము ముదురుచున్నను, గూని పెరుగుచున్నను, మందులకు లొంగకున్నను మాత్రమే శస్త్రచికిత్స వలసివచ్చును.

అయితే మందులు 12 నెలలు, కొందరికి 18 నెలలు వాడవలెను. ఇచ్చటనే మన సీమ దౌర్భాగ్యము. వానలు లేక కూలి బెంగుళూరికి వలసపోవును, నొప్పి తగ్గినదని మందు మానును, క్రిమి మొండిదగును. ప్రభుత్వ కేంద్రములలో మందు లుచితము. పోషణకై 2018లో నెలకు 500 రూపాయలుగా నారంభమైన సహాయమును 2024లో 1000కి హెచ్చించిరి. ఊరు మారువారు ముందుగా దెలిపినచో చికిత్సను క్రొత్తచోటికి మార్చుకొనవచ్చును.

రోగము వెన్నెముకకే పరిమితమైనచో నితరులకు సోకదు; కావున వెలివేయుట యజ్ఞానము. భూస్వాములారా, పురజనులారా! మీ పొలమున వంగిన నడుము మీ ధాన్యమునకు మూలము. అది నిలువలేకున్నచో పనినుండి తొలగింపక, పరీక్షకు బంపుడు. మందు ముగియువరకు తేలికపని యిచ్చి యూరనే నిలుపుడు. క్షామమును మన మాపజాలము. ఈ యవిటితనమును మాత్ర మాపగలము.