పెద్దపేగులోనే కరగాల్సిన మాత్ర

ఏ మాత్రైనా వేసుకున్న వెంటనే కరిగి పనిచేస్తే బాగుండునని అనుకుంటాం. మెసలమైన్ మాత్రం తొందరగా కరిగితే వృథా. పెద్దపేగు పూత, అంటే అల్సరేటివ్ కోలైటిస్, మరీ తీవ్రంగా లేనప్పుడు వైద్యులు ముందుగా రాసేది ఈ మందునే. ఇది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి పనిచేసేది కాదు. వాచి పుండ్లు పడిన పేగు గోడను లోపలి వైపు నుంచే తాకాలి. ఏ రక్షణా లేకుండా మింగితే చాలావరకు చిన్నపేగు మొదట్లోనే రక్తంలోకి పోతుంది, జబ్బున్న చోటికి చేరేది అంతంతమాత్రం.

ఈ సంగతి తేలడానికి దశాబ్దాలు పట్టింది. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ 1930ల చివర్లో కీళ్లవాతానికి మందు వెతుకుతున్నారు. ఆ జబ్బుకు సూక్ష్మజీవులు కారణం కావచ్చన్న ఆలోచనతో సల్ఫా మందునూ, వాపు తగ్గించే సాలిసిలేట్‌నూ ఒకే అణువుగా కలిపించారు. అదే సల్ఫాసలజీన్. పేగుపూత రోగులకు అది బాగా పనిచేసిందని 1942లో ప్రచురించారు.

ఆ రెండు ముక్కలనూ కలిపే నత్రజని బంధాన్ని మన జీర్ణరసాలు తెంచలేవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా తెంచగలదు. మందు సరైన చోట విడుదల కావడం అలా, ఎవరూ అనుకోకుండానే, అమరిపోయింది. చిక్కల్లా సల్ఫా ముక్కతోనే వచ్చింది: తలనొప్పి, వికారం, దద్దుర్లు, మగవారిలో వీర్యకణాలు తగ్గడం (మందు ఆపితే మళ్లీ పెరుగుతాయి).

పనిచేసేది ఏ ముక్క? 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్, సిడ్నీ ట్రూలవ్ దీన్ని సూటిగా తేల్చారు. కొందరు రోగులకు మొత్తం మందును, కొందరికి ఒక్కో ముక్కను విడిగా ఎనిమా రూపంలో ఇచ్చారు. సాలిసిలేట్ ముక్క, అంటే మెసలమైన్, మొత్తం మందుతో సమానంగా పనిచేసింది. సల్ఫా ముక్క బాగా వెనకబడింది. ఇంత తేలికైన ప్రయోగం ఒక మందు చరిత్రనే మలుపు తిప్పడం అరుదు.

అయితే సల్ఫాను తీసేస్తే మందును పెద్దపేగుదాకా చేర్చే బంధమూ పోతుంది. 1980ల మొదట్లో వేల్స్‌లోని కార్డిఫ్ వైద్యులు మెసలమైన్‌కు యాక్రిలిక్ పొర తొడిగి చూశారు. ఆ పొర అణువుల్లో ఆమ్లగుణమున్న గుంపులు ఉంటాయి. జీర్ణాశయంలోని గాఢ ఆమ్లంలో అవి హైడ్రోజన్‌ను వదలవు కాబట్టి పొర నీటిలో కరగదు. చిన్నపేగులో కిందికి పోయేకొద్దీ ఆమ్లత తగ్గుతుంది. చివరి భాగంలో పీహెచ్ 7 దాటగానే ఆ గుంపులు హైడ్రోజన్‌ను వదిలి విద్యుదావేశం పొందుతాయి, పొర కరగడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడి నుంచే పెద్దపేగు మొదలు! మరో రకం మాత్రల్లో సన్నని గుళికలు ఇథైల్ సెల్యులోజ్ పొరలోంచి మందును కొద్దికొద్దిగా వదులుతూ పోతాయి. రోజుకు ఒకేసారి వేసుకునేవీ వచ్చాయి.

ఇంత పకడ్బందీ ఏర్పాటూ వంటింటి గట్టు మీద చెడిపోవచ్చు. మాత్ర పెద్దదిగా ఉందని కత్తితో రెండు ముక్కలు చేసినా, పొడి చేసి పెరుగన్నంలో కలిపినా పొర పోతుంది, దాంతో మందూ దారిలోనే పోతుంది. మింగలేకపోతే వైద్యుడికి చెప్పి వేరే రూపంలో రాయించుకోవాలి. ఎప్పుడైనా మలంలో ఖాళీ డొల్ల కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. మాత్ర మాత్రలాగే పదేపదే వస్తుంటే మాత్రం పొర కరగడం లేదని అర్థం, వైద్యుడికి తప్పక చెప్పాలి.

జబ్బు మలాశయం వరకే ఉంటే నోటి మాత్ర కంటే మలద్వారంలో పెట్టుకునే సపోజిటరీ మేలు. ఇంకాస్త పైకి పాకితే రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుని ఎనిమా తీసుకోవాలి. చాలామంది సిగ్గుపడి దీన్ని ఒప్పుకోరు. పేగు ఎడమభాగం పూతకు మాత్రతో పాటు ఎనిమా కూడా వాడినవారికి ఒక్క మాత్రతో సరిపెట్టుకున్నవారి కంటే మెరుగైన ఫలితం వస్తుందని అధ్యయనాలు చూపాయి. నిజానికి మన దగ్గర చాలామంది ఈ మందు దాకా రావడమే ఆలస్యమవుతోంది. మలంలో నెత్తురు పడితే మొలలనో అమీబా విరేచనాలనో అనుకుని నెలల తరబడి మందుల షాపులో మాత్రలు కొనుక్కుంటారు. వారాలు గడిచినా నెత్తురు ఆగకపోతే కొలనోస్కోపీ చేయించాలి.

నెత్తురు ఆగి మామూలుగా తిరుగుతున్నప్పుడు కూడా ఈ మందును వైద్యులు ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. అరుదుగా ఇది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కాబట్టి మందు మొదలుపెట్టే ముందు, తర్వాత అప్పుడప్పుడు క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు.