విస్తరాకు ధర ఎవరిష్టం?

పెళ్లయినా పండగయినా, బంతి వేశారంటే ఒకప్పుడు అడ్డాకో మోదుగాకో విస్తళ్లే. తిన్నాక పెంటకుప్పలో పారేస్తే ఎరువై చేలోకి పోయేవి. ఇప్పుడు ప్లాస్టిక్ ప్లేట్లు కాలవలకు అడ్డం పడుతున్నాయి. ఎంగిలికి ఆశపడి ప్లాస్టిక్ మింగిన గొడ్డు కడుపుబ్బి చస్తే నష్టం ఎవరికి?

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసుల్ని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. సంతకెళ్లి చూడండి, ఏ కొట్లో దొరకవు! కాగితం ప్లేటు మేలంటారు గానీ, చాలావాటి మీద మెరిసే పొరా ప్లాస్టిక్కే.

మన్యంలో కొండెక్కి అడ్డాకు కోసేదీ, ఎండబెట్టి పుల్లలతో కుట్టేదీ ఎక్కువగా ఆడకూలీలే. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఆకుపై హక్కు గిరిజనులకిచ్చింది. ధర మాత్రం షావుకారు చెప్పిందే! గిట్టుబాటు చూపకుండా పేదలకు పర్యావరణం మీద ఉపన్యాసాలేమిటి? సర్కారీ విందులన్నీ విస్తట్లోనే వడ్డించాలని అడుగుదాం. ఈ సంక్రాంతికి విస్తళ్ల కట్ట కొండ దిగొచ్చిన అమ్మ దగ్గరే కొనండి, బేరమాడకండి.