ఊరి నీరు: మంచినీటి పనికీ, మురుగునీటి పనికీ తొలి పాఠాలు

 

కృష్ణా డెల్టాలో పుట్టినవానికి నీటి సంగతి ఒకరు చెప్పాలా అంటారేమో. నిజమే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినది. 1957లో దాని బదులు ప్రకాశం బ్యారేజి వచ్చినది. నీరు పెట్టడం, నీరు తీయడం తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు రైతుకు తాతలనాటి విద్య. అయితే చేనికి నీరు పెట్టడం వేరు, ఊరికి నీరు పెట్టడం వేరు. చేనిలో పొరపాటు జరిగితే పంట పోతుంది. ఊరి నీటిలో పొరపాటు జరిగితే ప్రాణం పోతుంది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రబలి కొందరు చనిపోయారు. మంచినీటి గొట్టానికీ మురుగుకాలవకూ మధ్య కాపలా ఉండే మనిషికి పని తెలిసి ఉండాలి. మీ ఇంట్లో చదువుకున్న అబ్బాయిగాని, అమ్మాయిగాని ఈ పనిలోకి రాదలిస్తే, మొదట నేర్వవలసినవి ఏవో చెప్పుకుందాం.

మొదటిది, నీరు ఎక్కడనుంచి వస్తున్నదో తెలియడం. మన కాలవలు వేసవిలో కట్టేస్తారు. అంతకుముందే మంచినీటి చెరువు నింపుకోవలెను. కాలవ వచ్చేదాకా ఊరంతా ఆ చెరువు మీదనే బతకాలి. కనుక చెరువులో ఎంత నీరున్నది, రోజుకు ఎంత తీస్తున్నాము, ఇంకా ఎన్నాళ్ళకు సరిపోతుంది అనే లెక్క పనివాని పుస్తకంలో ఉండాలి.

రెండవది ఇసుక ఫిల్టరు. చెరువు నీరు ఇసుక పొరలో మెల్లగా దిగుతుంది. ఇసుక పైభాగాన సన్నని జిగట పొర ఏర్పడుతుంది. చూచినవారు దాన్ని మురికి అనుకుంటారు. కాని రోగక్రిములను పట్టి చంపేది ముఖ్యంగా ఆ పొరే. నీరు త్వరగా దిగాలని వాల్వు ఎక్కువగా తిప్పితే శుద్ధి చెడుతుంది. నీరు బొత్తిగా దిగనప్పుడు మాత్రమే పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీయవలెను. తిరిగి పొర కట్టడానికి కొన్నాళ్ళు పడుతుంది. అందాకా వచ్చిన నీటిని ఊరికి వదలరాదు.

మూడవది బ్లీచింగు పౌడరు లెక్క. గుప్పెళ్ళతో వేసే పని కాదిది. మీ ట్యాంకు 60,000 లీటర్లదనుకోండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిను కావాలంటే మొత్తం 120 గ్రాములు కావాలి. పౌడరులో క్లోరిను నూటికి 25 వంతులుంటే, 480 గ్రాముల పౌడరు వేయవలెను. అదే పౌడరు గాలి తగిలి, పాతబడి 15 వంతులకు దిగితే 800 గ్రాములు కావాలి. మూత సరిగా పెట్టని డబ్బా ఎంత మోసం చేస్తుందో చూడండి! పౌడరును ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నం అడుగుకు దిగిన తర్వాత పైతేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాలి. తర్వాత చివరి ఇంటి కుళాయి దగ్గర పరీక్ష చేస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిను మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర పరీక్ష చూచి తృప్తిపడితే చాలదు.

బాపట్ల ఇసుక నేలల వారికి ఇంకొక పాఠం ఉన్నది. అక్కడి దొరువుల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలుచగా తేలి ఉంటుంది. ఒకేచోట మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి ఎగదన్నుతుంది. అందుకే బాపట్ల శాస్త్రజ్ఞులు ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరచి, పైనీటిని మాత్రం మెల్లగా ఒక బావిలోకి చేర్చే మేలైన దొరువు పద్ధతిని ఏర్పరిచారు. తొందరపడి తోడినవాడు రేపటి నీటిని పాడుచేసుకుంటాడు.

ఇక మురుగు. డెల్టా వాలు సముద్రం వైపు. పై ఊరు వదిలిన మురుగు దిగువ ఊరి గుమ్మంలోకి వస్తుంది. తెనాలి వంటి పట్టణం శుభ్రమైతే రేపల్లె వైపు పల్లెకూ మేలే. మురుగును శుద్ధి చేయడంలో వింత లేదు. బరువైన మడ్డి అడుగుకు దిగనివ్వాలి. మిగిలిన మలినాన్ని సూక్ష్మజీవులు తింటాయి. వాటికి గాలి అందించాలి. గాలి అందకపోతే కంపు పుడుతుంది.

ఈ పనిలో అన్నిటికంటె ముందు నేర్వవలసిన సూత్రం ఒకటున్నది. సెప్టిక్ ట్యాంకులోకి గాని, మురుగు గుంటలోకి గాని మనిషి దిగరాదు. అందులోని విషవాయువు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియదు. వాసన లేదు గదా అని దిగినవాడు పడిపోతాడు. అతన్ని తీయబోయినవాడూ పడిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రంతోనే తీయించాలి. యజమాని ఎంత డబ్బిస్తానన్నా సరే, దిగను అని చెప్పడం కూడా పనితనమే.

శిక్షణకు దారులున్నవి. ఐ.టి.ఐ.లో ప్లంబరు చదువు ఏడాది, ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్ళు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మహిళలకు నీటి పరీక్ష పెట్టెలతో తర్ఫీదు ఇచ్చారు. పై చదువు కోరేవారికి బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అక్కడ సాగునీరు, మురుగునీటి పారుదల పాఠ్యాంశాలు.

విస్తరణ మిత్రులకు ఒక్క మనవి. ఈసారి గ్రామానికి పోయినప్పుడు పైరుతోపాటు మంచినీటి ట్యాంకు దగ్గరికీ వెళ్ళండి. పౌడరు తూచే కాటా ఉన్నదా, లెక్క రాసే పుస్తకం ఉన్నదా అడగండి. ఆ రెండూ లేని ఊళ్ళో, అవి పట్టుకోగల ఒక కుర్రవాణ్ణో, ఒక ఆడపిల్లనో వెతికి శిక్షణకు పంపించండి. ఊరి ఆరోగ్యానికి అంతకు మించిన పెట్టుబడి లేదు.